ఉన్‌సిల్ నిలువెత్తు ఫొటో

మనిషిని తల నుంచి బూట్ల దాకా తెల్లటి తెర ముందు నిలబెట్టి ఫొటో తీయడం మా ఊళ్ళో మా ఆయనొక్కడికే చేతనవును. పెళ్ళాన్ని కాబట్టి అనడం లేదు. ముఖం వరకు ఎవరైనా తీస్తారు. నిలువెత్తు మనిషి దగ్గరే అసలు తంటా. తెర మీద వెలుగు తక్కువైతే అది తెలుపు కాదు, ఉతకని దుప్పటిలా బూడిదరంగుకు తిరుగుతుంది. ఎక్కువైతే ఆ వెలుగు వెనక నుంచి చుట్టుకొచ్చి చెవుల్నీ జుట్టునీ భుజాల అంచుల్నీ కొరుక్కు తింటుంది. ముఖానికి సరిపడిన వెలుగు మోకాళ్ళు దాటేసరికి నీరసపడిపోతుంది.

మా ఆయన సంగ్‌బే తెరకు వేరే లైట్లు, మనిషికి వేరే లైట్లు పెట్టేవాడు. మనిషిని తెరకు బాగా ముందుకు లాగి, ఇరుపక్కలా మనిషెత్తు నల్ల అట్టలు నిలిపేవాడు, ఒంటి అంచు గీత గీసినట్టు కనబడటానికి. గొడుగు లైటును అందరిలా దగ్గర పెట్టకుండా ఎత్తుకూ దూరానికీ జరిపేవాడు, ముఖానికీ పాదాలకీ ఒకటే వెలుగు అందేలా. పాదాల కింద మాత్రం చిన్న నీడ వదిలేవాడు. "ఆ కాస్త నీడా తుడిచేస్తే మనిషి నేల మీద నిలబడినట్టుండడు, కొక్కేనికి తగిలించినట్టుంటాడు" అనేవాడు.

వయసులో ఉండగా బూసాన్ నగరంలో బట్టల కేటలాగులు తీసే పెద్ద స్టూడియోలో నేర్చుకున్న పని అది. పెళ్ళయ్యాక ఈ దక్షిణ తీరానికి, నా పుట్టిన ఊరికి వచ్చేసి స్టూడియో పెట్టుకున్నాం. లైట్లు ఆయనవి, జడలూ పౌడర్లూ నావి. పెళ్ళిళ్ళు, పిల్లల మొదటి పుట్టినరోజులు, ఇంటిల్లిపాదీ కూర్చుని తీయించుకునే ఫొటోలు. చాలాకాలం బాగానే నడిచింది. తర్వాత అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చిపడ్డాయి. తెల్ల కాగితం చుట్ట పైన దుమ్ము పడుతుంటే నేనే తుడిచేదాన్ని.

అలాంటప్పుడు ఓడలు కట్టే యార్డు నుంచి పిలుపు వచ్చింది. మా ఊరు మొత్తం ఆ యార్డు మీదే బతుకుతుంది. ఆ వసంతంలో వాళ్ళకి యాభయ్యేళ్ళు నిండుతున్నాయట. పెద్ద గేటు పక్క గోడ మీద పనివాళ్ళ ఫొటోలు మనిషంత మనిషిగా పెడతారట. ప్రచార విభాగం మేనేజరు యోమ్ స్వయంగా స్టూడియోకొచ్చాడు.

"వెనకాల ఏమీ వద్దు సార్. తెల్లగా, పాలల్లా ఉండాలి. మనిషొక్కడే నిలబడాలి" అన్నాడు.

"ఓడ ఒక్కటైనా కనబడొద్దా?" అని మా ఆయన అడిగాడు.

"ఓడలు ఎప్పుడూ ఉండేవే. ఈసారి మనుషులు."

ఆ మాటకు మా ఆయన పడిపోయాడు. ఆ రోజంతా ఇంట్లో ఈలపాటే. ఎన్నాళ్ళకో ఆయన పని ఊరంతా చూసే గోడెక్కబోతోంది.

మా ఊళ్ళో కోట్ల సంగతి చెప్పాలి. నీలం కోటు యార్డు సొంత మనిషిది. నారింజ కోటు కాంట్రాక్టు మనిషిది. ఒకే ఓడ, ఒకే నిచ్చెన, ఒకే మంట. కానీ పిల్లనిచ్చే వాళ్ళు ముందు అడిగేది "అబ్బాయిది ఏ కోటు?" అనే. మా వీధి చివర ఉండే మేంగ్ ఉన్‌సిల్‌ది నారింజ. ఆడవాళ్ళలో వెల్డింగు చేసేది యార్డులో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, అందరిదీ అదే రంగు. దాని మొగుడూ నారింజ కోటులోనే ఓడ అడుగున పనిచేస్తూ పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. అప్పుడు యార్డు వాళ్ళు పూలగుత్తి పంపించి, "అతను మా మనిషి కాదు, కాంట్రాక్టరును అడగండి" అన్నారు. కాంట్రాక్టరు ఆ నెలాఖరుకే కంపెనీ మూసేసి, అదే గదిలో ఇంకో పేరుతో తెరిచాడు. ముసలి అత్తను పోషించడానికి ఉన్‌సిల్ అదే గేటులోంచి పనిలోకి వెళ్ళింది.

అది నన్ను అక్కా అనేది, మా ఆయన్ని బావా అనేది. చుట్టరికం ఏమీ లేదు. చలికాలం కిమ్చీ పచ్చడి కలిసి పెట్టుకునే చుట్టరికం అంతే.

యోమ్‌కు గోడ మీదికి ఒక ఆడమనిషి కావలసి వచ్చింది. కాంట్రాక్టరు ద్వారా ఉన్‌సిల్‌కు కబురు పెట్టాడు. అది రానంది. సాయంత్రం మా ఆయనే దాని ఇంటికి బయల్దేరాడు, నేనూ వెనకాలే వెళ్ళాను. ఉన్‌సిల్ గడపలో కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

"బావా, యార్డు మీద కోర్టులో కేసేశాం. నేనూ, మావాళ్ళూ. మేం కాంట్రాక్టు వాళ్ళం కాదు, వీళ్ళ మనుషులమే అని. అలాంటిది వాళ్ళ పండక్కి నేను పోయి పళ్ళికిలించనా?"

"ఇకిలించమని ఎవరన్నారు? ఊరికే నిలబడు."

"నిలబడ్డానికి నేనేమైనా బట్టల షాపు బొమ్మనా?"

"అలాగైతే పౌడరు కొట్టడం మీ అక్కకి సులువయ్యేది" అన్నాడు మా ఆయన. అది నవ్వేసింది. ఆయన గొంతు తగ్గించి, "చూడు ఉన్‌సిల్. ఆ గోడ మీద అన్నీ నీలం కోట్లే ఉంటాయి. మధ్యలో నారింజ కోటొకటి మనిషంత ఎత్తున నిలబడితే, గేటులోంచి వెళ్ళే ప్రతివాడూ చూడాలి కదా. మీరూ ఇక్కడే పనిచేస్తున్నారని నేను చూపిస్తాను. నా మాట నమ్ము" అన్నాడు.

లోపల నుంచి అత్త అరిచింది: "వెళ్ళవే! మీ ఆయనది మంచి ఫొటో ఒక్కటి లేక పాడె ముందు ఐడీ కార్డు బొమ్మ పెట్టుకున్నాం."

ఉన్‌సిల్ వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టింది.

"సరే. కానీ కోటు ఇదే. కొత్తది తొడగను."

ఫొటోలు యార్డు వ్యాయామశాలలో తీశాం. మా లైట్లన్నీ వ్యానులో వేసుకెళ్ళాం. నీలం కోట్ల వాళ్ళు వరసగా వచ్చారు, క్రేను నడిపేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, నక్షాలు గీసేవాళ్ళు. ఒకడు కడుపు లోపలికి లాగి ఊపిరాడక ఎర్రబడితే, "వదిలెయ్ అన్నా, నీ పొట్ట నీ భార్యకి కొత్త కాదుగా" అని మా ఆయన నవ్వించి తీశాడు.

ఉన్‌సిల్ చివర్న వచ్చింది. దాని కోటు మీద జేబు దగ్గర పేరు లేదు. కాంట్రాక్టరు మళ్ళీ పేరు మార్చాడట. పాతది విప్పేసింది, కొత్తది ఇంకా కుట్టలేదు. అక్కడ దారం లాగిన చిన్న చిన్న రంధ్రాలు మాత్రం ఉన్నాయి. గుండెల మీదా ముంజేతుల మీదా నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు. నారింజ ఎండకూ ఉప్పుగాలికీ వెలిసిపోయి ఎండిన బొప్పాయి తొక్కలా ఉంది.

నేను ముఖానికి పౌడరు అద్దబోతే, "వద్దక్కా, వెల్డింగు మాస్కు తీశాక ఎలా ఉంటానో అలాగే ఉండనీ" అంది.

మా ఆయన దాని ఒక్కదానికే లైట్లన్నీ మళ్ళీ సర్దాడు. కోటుకు కుట్టిన మెరుపు పట్టీలు ఫ్లాషుకు భగ్గుమని వెలిగి చుట్టుపక్కల గుడ్డను మింగేస్తున్నాయి. గొడుగును పక్కకు తిప్పాడు, ఇంకా పైకెత్తాడు. నల్ల అట్టలు దగ్గరికి జరిపాడు. వెలుగు వాలుగా వచ్చి కాలిన మచ్చల మీద పడేసరికి ఒక్కో మచ్చకు అంచు తేలింది. యోమ్ గడియారం చూసుకుంటున్నాడు.

"సార్, అందరికీ పెట్టిన లైటే చాలదా?"

"అందరి కోటూ ఒకటే అయితే చాలును" అన్నాడు మా ఆయన, వెనక్కి చూడకుండానే.

ఉన్‌సిల్ నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మొదట పిడికిళ్ళు బిగించింది, తర్వాత వదిలేసింది. నవ్వలేదు. కోపంగానూ లేదు. నీ వంతు మాట నువ్వు చెప్పు, వింటాను అన్నట్టు చూసింది. మా ఆయన కెమెరా తెర మీద ఆ ఫొటో చూపిస్తే దగ్గరికి వంగి చూసింది. చివరికి, "బావా, నేనింత పొడుగా?" అంది.

ఆయన తీసినవాటిలో అంత మంచి ఫొటో ఇంకోటి లేదు. ఆయనకీ తెలుసు. ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాటే అన్నాడు.

పండగ రోజున ఊరంతా గేటు దగ్గరే ఉంది. బాజాలు, ఉపన్యాసాలు, పేపరు గ్లాసుల్లో చేపముక్కల పులుసు. గోడ మీద పొడవాటి గుడ్డ కప్పి ఉంది. ఉన్‌సిల్ అత్తను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడకు చూపు సగమే.

గుడ్డ జారింది. మనుషులంత మనుషులు, తెల్లటి తెలుపు మీద. జనం పేర్లు పెట్టి అరుస్తున్నారు. మా ఆయన కళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు వెతికాయి. ఉన్‌సిల్ కనబడింది. అదే నిలబడటం, అదే చూపు, ప్రతి మచ్చా ఉన్నచోటే ఉంది. కోటు మాత్రం నీలం.

ముసలావిడే ముందు మాట్లాడింది. గోడకు ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్ళి, బొమ్మ చేతిని తడిమి, వెనక్కి తిరిగింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇచ్చారా అమ్మా? నీలం ఇచ్చేశారా? నాతో ఒక్క మాటైనా అనలేదేమే! నా కొడుకుండుంటే..." అని అక్కడే ఏడవడం మొదలెట్టింది.

"అత్తయ్యా, పద ఇంటికెళ్దాం" అంది ఉన్‌సిల్.

"ఉండవే, చూసుకోనీ."

ఉన్‌సిల్ మా ఆయన వైపు తిరిగింది. "ఏంటి బావా ఇది?"

"నేను కాదు ఉన్‌సిల్. నా మీద ఒట్టు. నేనిచ్చింది నారింజే. యార్డు వాళ్ళు దాన్ని సియోల్ నగరానికి పంపించారు, అక్కడెవరో రంగు మార్చి..."

"కోర్టులో ఇవ్వని కోటు గోడ మీద తొడిగారన్నమాట" అంది అది, నెమ్మదిగా. అత్త చేయి పట్టుకుని జనంలోకి నడిచింది. ముసలావిడ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

ఆ కోటే కేసు వేసినవాళ్ళ లాయరమ్మ ఛే కంటబడింది. వారం తిరక్కుండానే ఆవిడ కోర్టులో గోడ ఫొటో పెట్టింది. ఈమె మా మనిషి కాదని ఇక్కడ వాదిస్తున్న యార్డు, ఊరందరి ముందూ తమ కోటు తొడిగి తమ గోడ మీద తామే నిలబెట్టుకుంది, దీనికేమంటారు అని. ఆ మాట ఊళ్ళోకి పాకింది. నారింజ కోట్ల వాళ్ళు గేటులోంచి వెళ్తూ ఆ బొమ్మకు దణ్ణం పెట్టి నవ్వుకుంటున్నారని విన్నాం. రెండో రోజుకే గోడ మీద ఉన్‌సిల్ ఉన్నచోట ఓ ఖాళీ తెల్ల పలక వెలిసింది.

తర్వాత యోమ్ మా స్టూడియోకొచ్చాడు. ఈసారి పండ్ల పెట్టె తెచ్చాడు.

"సార్, చిన్న చిక్కు. ఆ కోటు రంగు సంగతి. లైట్లవల్ల రంగులు మారుతుంటాయి కదా?"

"నా లైట్లవల్ల మారవు" అన్నాడు మా ఆయన.

"మారవని కాదు. మారొచ్చు కదా అంటున్నాను. మీరేం అబద్ధం చెప్పక్కర్లేదు. వెలుగు నీలంగా తిరిగింది, సర్దడంలో అలా అయిపోయింది, యార్డు ఎవరినీ మార్చమనలేదు. అంతే. జడ్జిగారికి లైట్ల గొడవ ఏం తెలుస్తుంది?"

"ఆ అమ్మాయి మా ఇంటి మనిషిలాంటిది."

"మంచిది. మీ ఇంటి మనిషి మీ తమ్ముడు కూడా మా దగ్గరే ఉన్నాడటగా? రంగుల విభాగంలో. నీలం కోటు. కష్టపడే కుర్రాడని విన్నాను." పండ్ల పెట్టెను బల్ల మీద ఇంకాస్త ముందుకు జరిపాడు. "ఇంకోమాట. వచ్చే ఏడు నుంచి యార్డు మొత్తానికీ ఐడీ ఫొటోలు, కొత్త ఓడ నీళ్ళలోకి దిగిన ప్రతిసారీ ఫొటోలు ఒకే స్టూడియోకిద్దామనుకుంటున్నాం. బయట ఊరి వాళ్ళు అడుగుతున్నారు. మనూరు వాడైతే బాగుంటుందని నా ఉద్దేశం."

అతను వెళ్ళాక మా ఆయన చాలాసేపు కెమెరా లెన్సులు తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"ఏం చేద్దామని?" అన్నాను.

"నువ్వు చెప్పు."

"నన్నడక్కు. ఆ గడపలో నిలబడి, నా మాట నమ్ము అన్నది నువ్వు."

"మా తమ్ముడికి ఇద్దరు పిల్లలు."

"దానికి మొగుడు లేడు."

"ఈ ఫొటో ఒక్కదానివల్ల ఆ కేసు గెలుస్తుందనుకుంటున్నావా? యార్డు మీద ఎవరు గెలిచారు ఇప్పటిదాకా? ఎలాగూ ఓడిపోయే దానికి మనం కూడా మునగాలా?"

"వెలుగు నీలంగా తిరిగితే తెర కూడా నీలంగా తిరగాలిగా? వెనకాల తెలుపు తెల్లగానే ఉంది, ముఖం ముఖంలాగే ఉంది, కోటొక్కటే నీలమైపోయిందా? ఇరవయ్యేళ్ళు నీ పక్కన గొడుగు పట్టుకున్నదాన్ని, నాకు తెలీదా?"

ఆయన తల ఎత్తలేదు. "నీకు తెలుసు. వాళ్ళకి తెలీదు" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను స్టూడియో తెరిచేసరికి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, టీ తెస్తానని బయటికి పోయాడు. నేను కంప్యూటరులో వెతికి చూశాను. యార్డు ఫొటోలన్నీ ఉన్నాయి, ఒక్క ఉన్‌సిల్‌వి తప్ప.

కోర్టుకు నేనూ వెళ్ళాను. వద్దన్నాడు, అయినా వెళ్ళాను. నారింజ కోట్ల వాళ్ళ వెనక బెంచీలో చోటు దొరికింది. మా ఆయన్ని బోనులోకి పిలవగానే ఉన్‌సిల్ వెనక్కి తిరిగి నన్ను చూసి తల ఊపింది, గండం గడిచినట్టే. మా బావ వచ్చాడు, ఇక చాలు అన్నట్టు. ఆయన యార్డు తరఫున వచ్చాడని దానికి ఎవరూ చెప్పలేదని అప్పుడే తెలిసింది. చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఆయన ఆఖరి క్షణంలో మనసు మార్చుకుంటాడని ఆశ కూడా ఉంది.

యార్డు లాయరు అడిగాడు, "కోటు రంగు మారడానికి కారణమేమిటి?"

"తెల్ల తెర ముందు నిలువెత్తు ఫొటో తీయడం కష్టమండి" అన్నాడు మా ఆయన. ఆయన గొంతు పెళ్ళిఫొటోల దగ్గర పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతులా ఉంది. "తెర మీద లైట్లు ఎక్కువైతే వెలుగు తిరిగొచ్చి మనిషి మీద పడుతుంది. ఆ రోజు లైట్ల అమరికలో నా వల్ల పొరపాటు జరిగింది. రంగు చెడిపోయింది. దాన్ని సర్దేటప్పుడు పక్క కోట్లలాగే వచ్చేసింది."

"యార్డు ఎవరినైనా మార్చమని అడిగిందా?"

"లేదండి."

లాయరమ్మ ఛే లేచింది. "అసలు ఫొటో మీ దగ్గర ఉందా?"

"పని అప్పగించాక ఉంచుకోనండి."

"మీరు కెమెరా తెర మీద ఉన్‌సిల్‌కు చూపించిన ఫొటోలో కోటు ఏ రంగులో ఉంది?"

ఆయన ఉన్‌సిల్ వైపు చూడలేదు. గదిలో ఎవరో దగ్గారు.

"గుర్తు లేదండి" అన్నాడు.

ఉన్‌సిల్ లేచి నిలబడింది. జడ్జి కూర్చోమన్నాడు. అది కూర్చోలేదు.

"ఫొటోగ్రాఫరు గారూ" అంది. బావా అనలేదు. "అది మంచి ఫొటో. పొరపాటు ఫొటో అనొద్దు."

జడ్జి మళ్ళీ చెప్పాడు. పక్కనున్న వాళ్ళు చేయి పట్టి కూర్చోబెట్టారు.

కేసు పోయింది. గోడ మీది బొమ్మ అలంకారం మాత్రమేనని, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని తీర్పులో రాశారు. ఆయన సాక్ష్యం ఒక్కదానివల్లే పోయిందా అంటే కాదు. మా ఆయన అన్నట్టు ఎలాగూ పోయేదేనేమో. ఆ మాటే ఆయన నాతో ఎన్నోసార్లు అన్నాడు, నేను అడక్కపోయినా. కాంట్రాక్టరు మళ్ళీ కంపెనీ మూసి కొత్త పేరుతో తెరిచాడు. ఈసారి కేసులో ఉన్నవాళ్ళెవరికీ పిలుపు రాలేదు.

మాకు మాత్రం ఐడీ ఫొటోల పని వచ్చింది. అన్నీ భుజాల వరకే. ఒక లైటు, ఒక స్టూలు. కోటు గుండీ సరిగా పెట్టానా లేదా చూడటమే నా పని. మరిది వాళ్ళు పండక్కి వచ్చి మాంసం తెస్తారు. ముసలావిడకు మాత్రం ఎవరూ నిజం చెప్పలేదు. కోడలికి నీలం కోటు వచ్చిందని వీధిలో కనబడ్డ వాళ్ళందరికీ చెబుతూ, ఆ చలికాలంలోనే పోయింది. శవం దగ్గరికి మా ఇంట్లోంచి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఉన్‌సిల్ నాకు వంగి నమస్కరించింది, వచ్చిన అందరికీ నమస్కరించినట్టే. అన్నం పెట్టింది. పక్కన కూర్చోలేదు.

తర్వాత ఇల్లు ఖాళీ చేసి రేవు అవతలి గ్రామానికి పోయిందని విన్నాను. మొన్న సంతలో కనబడింది. రబ్బరు చేతితొడుగులు వేసుకుని, ఆల్చిప్పలు ఒలిచి బేసినులో వేస్తోంది. వెల్డింగు చేసిన చేతులు కదా, కత్తి ఎంత నిదానంగా తిరిగినా చిప్ప ఠక్కున విచ్చుకుంటోంది.

"ఉన్‌సిల్" అన్నాను.

తలెత్తి చూసింది. "ఎంత వేయమంటారు మేడమ్?"

"ఎలా ఉన్నావే?"

"బాగున్నానండి. ఇవాళ సరుకు తాజాది. పులుసుకా, పచ్చివి తినడానికా?"

"పులుసుకి" అన్నాను.

తూకం వేసింది. వేశాక ఇంకో గుప్పెడు తీసి సంచిలో పోసింది.

"అంత కొసరెందుకు ఉన్‌సిల్, వద్దు."

"అందరికీ వేస్తానండి. మీకని కాదు" అంది, సంచి మూతి ముడేస్తూ. వెనకాల ఇంకో ఆవిడ నిలబడి ఉంది. ఆవిడ వైపు తిరిగి "రండమ్మా" అంది.

ఆ రాత్రి ముల్లంగి వేసి పులుసు కాచాను. మా ఆయన రెండో చెంచాకే, "బాగున్నాయే, ఎక్కడ కొన్నావు?" అన్నాడు.

"ఉన్‌సిల్ దగ్గర."

చెంచా ఆగింది. "నా గురించి ఏమైనా అడిగిందా?" అన్నాడు.

"లేదు."

ఆయన గిన్నె దగ్గరికి లాక్కుని, ఇంకొంచెం పులుసు పోసుకున్నాడు.